నడుం నుంచి కాలికి దిగే నరం నొప్పి: ఫోన్‌లో డాక్టర్ చాలా, ఆస్పత్రికి వెళ్ళాలా?

రెండేళ్ళ క్రితం, నాట్లు జోరుగా సాగుతున్న రోజుల్లో మా ఫిజియోథెరపీ సెంటర్‌కి ఒకావిడ వచ్చారు. నలభై అయిదేళ్ళుంటాయి. మూడు వారాలుగా నడుం నుంచి ఎడమ కాలు పిక్క దాకా జివ్వున లాగిందని, ఊళ్ళోనే సూదులు వేయించుకున్నానని, ఇప్పుడు నొప్పి బాగా తగ్గిందని చెప్పారు. తగ్గితే మరి ఎందుకు వచ్చారమ్మా అని అడిగాను. ఆవిడ నవ్వి ఊరుకున్నారు. పక్కనున్న కూతురు చెప్పింది: "నడుస్తుంటే ఎడమ చెప్పు ఊడిపోతోంది సార్. ఊడిపోయిందని కూడా అమ్మకి తెలియట్లేదు, నాలుగడుగులు పోయాక నేనే చూసి తెచ్చిస్తున్నా."

మడమల మీద నడవమన్నాను. కుడి పాదం లేచింది, ఎడమ పాదం లేవలేదు. ఆ మధ్యాహ్నమే పెద్దాస్పత్రికి పంపించాం. నొప్పి తగ్గిందని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్న వారంలోనే ఆ నరం పని చేయడం మానేస్తూ వచ్చింది.

అప్పటి నుంచి నాకు ఎవరు ఫోన్ చేసినా "నొప్పి ఎంతుంది?" అన్నది మొదటి ప్రశ్న కాదు. "ఏదైనా పోయిందా?" అని అడుగుతాను. బలం పోయిందా, స్పర్శ పోయిందా, మూత్రం మీద పట్టు పోయిందా. రాత్రంతా ఏడిపించే నొప్పి కూడా చాలాసార్లు ఇంట్లోనే, ఫోన్ సలహాతోనే తగ్గుతుంది. నొప్పి పెద్దగా లేకుండా పాదం వాలిపోతే మాత్రం ఫోన్ పనికిరాదు. ఈ తేడా ఇంట్లో కూర్చుని ఎలా పట్టుకోవాలో మెట్టు మెట్టుగా చెప్తాను.

ముందు, ఇది నరం నొప్పేనా?

నడుము కింది పూసల నుంచి, వాటి కిందున్న త్రికాస్థి నుంచి వచ్చే నరాల వేర్లు, ఎల్4 (నడుం నాలుగో పూస) నుంచి ఎస్3 (త్రికాస్థి మూడో భాగం) దాకా, కలిసి సయాటిక్ నరం అవుతుంది. శరీరంలో అన్నిటికంటే లావైన నరం ఇదే. పిరుదు లోపలి నుంచి తొడ వెనకగా దిగి, మోకాలి దగ్గర చీలి, పాదం దాకా పోతుంది. పూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ ఉబ్బి గానీ, చిట్లి గానీ ఒక వేరుని నొక్కితే, నొక్కింది నడుం దగ్గరైనా నొప్పి పిక్కలోనో పాదంలోనో తెలుస్తుంది. దీన్నే సయాటికా అంటున్నాం. ఆయుర్వేదంలో గృధ్రసి అంటారు.

మామూలుగా నడుం పట్టేస్తే నొప్పి నడుంలో, పిరుదుల్లో ఉంటుంది. నరం నొప్పి ఎక్కువగా ఒక కాలికే, మోకాలు దాటి కిందికి దిగుతుంది. కరెంట్ కొట్టినట్టు, మంటగా, సూదులు గుచ్చినట్టు ఉంటుంది. దగ్గినా, తుమ్మినా, దొడ్డికి ముక్కినా జివ్వుమంటుంది. నడుం కంటే కాలే ఎక్కువ నొప్పి పెడుతుంది. మీది ఇలా ఉంటే కింది మెట్లు వరసగా చూడండి. వరస మార్చొద్దు, ఎందుకంటే మొదటి మెట్టులోనే అవునని తేలితే మిగతావి చదువుతూ కూర్చునే టైమ్ ఉండదు.

మొదటి మెట్టు: మూత్రం, దొడ్డి, కూర్చునే చోటు

వెన్నుపాము నడుం అడుగు దాకా పోదు. నడుం మొదటి, రెండో పూసల దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి కిందికి నరాలు గుర్రం తోకలా గుత్తిగా వేలాడతాయి. కాళ్ళకే కాదు, మూత్రాశయానికి, మలద్వారానికి, జననాంగాలకు కూడా ఆ గుత్తి నుంచే నరాలు పోతాయి. పెద్ద డిస్క్ ముక్క మధ్యలోకి జారి ఆ గుత్తినంతా నొక్కితే డాక్టర్లు దాన్ని కాడా ఈక్వైనా సిండ్రోమ్ అంటారు. అరుదే. కానీ గంటలు లెక్కపెట్టాల్సిన జబ్బు. నొక్కుడు ఎంత త్వరగా తీసేస్తే అంత మంచిది, ఒకటి రెండు రోజుల్లోపే ఆపరేషన్ అయ్యేలా చూస్తారు. ఆలస్యమైతే మూత్రం మీద పట్టు శాశ్వతంగా పోవచ్చు.

ఈ ప్రశ్నలు సిగ్గుపడకుండా వేసుకోవాలి, ఇంట్లోవాళ్ళని అడగాలి.

దొడ్డికి వెళ్ళి కడుక్కునేటప్పుడు నీళ్ళు తగులుతున్నట్టు తెలుస్తోందా? రెండు వైపులా ఒకేలా తెలుస్తోందా? సైకిల్ సీటు మీద కూర్చుంటే ఎక్కడెక్కడ ఆనుతుందో అంత మేరా, అంటే తొడల లోపలి వైపు, మలద్వారం చుట్టూ, జననాంగాల దగ్గర మొద్దుబారినట్టు ఉందా? ఒంటికి పోవాలన్న కబురు తెలుస్తోందా? కూర్చున్నా రావడం లేదా, ధార సన్నబడిందా, తెలియకుండా చుక్కలు పడుతున్నాయా? దొడ్డి తెలియకుండా పోతోందా? మగవాళ్ళకు కొత్తగా అంగస్తంభన పోయిందా? ముందు ఒక కాలికే ఉన్న నొప్పి ఇప్పుడు రెండు కాళ్ళకూ వచ్చిందా?

ఒక్కటి కొత్తగా మొదలైనా, అనుమానంగా ఉన్నా, ఫోన్‌లో డాక్టర్‌ని వెతకడం ఆపేయండి. పొద్దున్న చూద్దామనుకోవద్దు. 108కి ఫోన్ చేయండి, లేదా కారులో వెనక సీట్లో పక్కకి తిప్పి పడుకోబెట్టి తీసుకెళ్ళండి. షుగర్ వల్లనేమో, ప్రోస్టేట్ వల్లనేమో, మాత్రలు పడకనేమో అని ఇంట్లో వాదించుకోవద్దు. అవీ కారణం కావచ్చు, కానీ ఆ తేడా తేల్చాల్సింది డాక్టరే.

ఏ ఆస్పత్రికి అన్నది కూడా ముఖ్యమే. రాత్రిపూట ఎమ్‌ఆర్‌ఐ తీసే వీలు, న్యూరోసర్జన్ గానీ వెన్నెముక సర్జన్ గానీ ఉన్నచోటికి నేరుగా వెళ్ళాలి. హైదరాబాద్‌లో నిమ్స్, గాంధీ, ఉస్మానియా, విశాఖలో కేజీహెచ్, గుంటూరు, కర్నూలు పెద్దాస్పత్రులు, తిరుపతిలో స్విమ్స్ లాంటి చోట్ల న్యూరోసర్జరీ విభాగాలున్నాయి. బయల్దేరే ముందు ఒకరు ఫోన్ చేసి కనుక్కోండి, మిగతావాళ్ళు ప్రయాణం మొదలుపెట్టండి.

క్యాజువాలిటీలో మీరు వాడే మొదటి మాట కూడా తేడా తెస్తుంది. "నడుం నొప్పండీ" అంటే వరసలో కూర్చోబెడతారు, అది సహజం. "ఉదయం నుంచి మూత్రం రావడం లేదు, తొడల మధ్య మొద్దుబారింది, కాలికి నరం నొప్పి ఉంది" అని ఒకే ఊపులో చెప్పండి. రేషన్ కార్డు, ఆధార్ వెంట తీసుకెళ్ళండి, ఆరోగ్యశ్రీ లేదా ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్‌లో అవసరమవుతాయి. దొరక్కపోతే వాటి కోసం ఆగొద్దు, తర్వాత ఎవరైనా తెచ్చిస్తారు.

రెండో మెట్టు: కాలిలో బలం ఉందా

దీనికి అయిదు నిమిషాలు చాలు. చెప్పులు లేకుండా, గోడ పక్కన, ఒక మనిషి తోడుగా నిలబడాలి. పెద్దవాళ్ళతో ఒంటరిగా చేయించొద్దు.

మడమల మీద పదడుగులు నడవండి, వేళ్ళు పైకి లేచి ఉండాలి. ఒక పాదం వాలిపోతుంటే పాదాన్ని లేపే కండరాలకు పోయే నరం, ఎక్కువగా ఎల్5 వేరు, దెబ్బతింటోందని అనుమానించాలి. తర్వాత ఒంటికాలి మీద నిలబడి, గోడని వేలితో ఆనుకుని, మునివేళ్ళ మీదికి పదిసార్లు లేవండి. బాగున్న కాలు పది చేసి, నొప్పి ఉన్న కాలు రెండింటికే కూలబడితే ఎస్1 వేరుని అనుమానించాలి. మెట్టు ఎక్కుతుంటే, కుర్చీలోంచి లేస్తుంటే మోకాలు తటాలున వంగిపోతే తొడ ముందు కండరం బలహీనపడిందేమో చూడాలి.

పడుకుని చేసే పరీక్ష ఇంకా తేలిక. రెండు కాళ్ళ బొటనవేళ్ళూ ముఖం వైపుకి లాగమనండి. మీరు రెండు చేతుల చూపుడు వేళ్ళతో ఆ బొటనవేళ్ళని ఒకేసారి కిందికి నొక్కండి. ఒకటి గట్టిగా నిలబడి, రెండోది ఇట్టే వాలిపోతే మీ వేలికే తెలిసిపోతుంది. ఇది నేను ఫోన్‌లో ఎంతోమంది కొడుకులకి, కోడళ్ళకి నేర్పించాను. రెండోసారి చెప్పాల్సిన పని పడలేదు.

నొప్పి వల్ల కాలు ఎత్తలేకపోవడం వేరు, బలం లేక ఎత్తలేకపోవడం వేరు. నొప్పి వల్లయితే మొదట గట్టిగానే బలం పెట్టి, నొప్పి రాగానే వదిలేస్తారు. బలం లేకపోతే మొదటి నుంచే మెత్తగా ఉంటుంది. తేల్చుకోలేకపోతే బలం లేదనే లెక్క వేసుకోండి.

పాదం వాలిపోతుంటే, చెప్పు తెలియకుండా ఊడిపోతుంటే, నిన్నటి కంటే ఇవాళ బలం తగ్గితే, అదే రోజు డాక్టర్ చేతితో పరీక్షించాలి. ఆదివారమైతే క్యాజువాలిటీకి వెళ్ళండి. ఊళ్ళో సూది వేయించుకుని, ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత నడుం తొక్కించుకుని రెండు రోజులు చూద్దాం అనే ఆలోచన ఇక్కడ వద్దు. మా ఊళ్ళలో ఆ నమ్మకం ఎంత గట్టిదో నాకు తెలుసు, మా నాయనమ్మ కూడా నమ్మేది. కానీ నొక్కుకుపోయిన నరం మీద బరువు వేసి తొక్కితే జారిన ముక్క ఇంకా జారే ప్రమాదం ఉంది.

మూడో మెట్టు: డిస్క్ కాకపోతే ఏమిటి

కొన్ని జబ్బులు సయాటికా వేషంలో వస్తాయి. వీటిని ఫోన్‌లో తేల్చలేం.

మన దగ్గర మర్చిపోకూడనిది వెన్నెముక టీబీ. సాయంత్రం పూట సన్నగా జ్వరం, రాత్రి చెమటలు, ఆకలి లేకపోవడం, బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని నడుం నొప్పి వారాల తరబడి ఉంటే దగ్గు లేకపోయినా టీబీని అనుమానించాలి. గొర్రెలు, పశువులు కాసేవాళ్ళకి, కాచని పాలు తాగేవాళ్ళకి బ్రూసెల్లా అనే ఇన్ఫెక్షన్ కూడా ఇలాగే వెన్నెముకకి పట్టవచ్చు. డాక్టర్ అడగకపోయినా మీ పని ఏమిటో చెప్పండి.

గతంలో క్యాన్సర్ వచ్చినవాళ్ళు, ఆయాసానికో కీళ్ళ నొప్పులకో ఏళ్ళ తరబడి స్టెరాయిడ్ వాడినవాళ్ళు, బాత్‌రూమ్‌లో జారిపడిన పెద్దావిడలు, బండి మీంచి పడ్డవాళ్ళు నేరుగా వెళ్ళి చూపించుకోవాలి. ఎముకలు గుల్లబారితే చిన్న జారుడుకే పూస నలిగిపోతుంది.

ఎండాకాలంలో పక్కటెముకల కింద మొదలై గజ్జల్లోకి దిగుతూ, మెలికలు తిప్పే నొప్పి, వాంతులు ఉంటే కిడ్నీలో రాయి కావచ్చు. ఒక పక్కన పట్టీలా మంట, రెండు రోజులకి నీటి పొక్కులు వస్తే అది అక్కి. పొక్కుల ఫోటో డాక్టర్‌కి వెంటనే పంపండి, దాని మందు మొదటి మూడు రోజుల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. అరవై దాటి, పొగ తాగే అలవాటున్న మగవాళ్ళకి ఉన్నట్టుండి నడుంలో, పొట్టలో భరించలేని నొప్పి, కళ్ళు తిరగడం, చెమటలు పడితే అది పెద్ద రక్తనాళం చిట్లడం కావచ్చు. అప్పుడు 108 తప్ప ఇంకో మాట లేదు.

నాలుగో మెట్టు: ఇవేవీ లేకపోతే ఫోన్ చాలు

ఒక కాలికే నొప్పి. జ్వరం లేదు. బలం బాగుంది. మూత్రం మామూలుగా ఉంది. పాదంలో కాస్త తిమ్మిరి ఉన్నా పెరగడం లేదు. ఇలాంటివాళ్ళు వంద కిలోమీటర్లు గుంతల రోడ్డులో ఆటోలో, బస్సులో ఊగుతూ వెళ్ళాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు. సయాటికా ఎక్కువమందికి నాలుగు నుంచి ఆరు వారాల్లో బాగా తగ్గుముఖం పడుతుంది. జారిన డిస్క్ ముక్కని చాలాసార్లు శరీరమే నెమ్మదిగా కరిగించుకుంటుంది.

చాలామంది మొదటి వారంలోనే ఎమ్‌ఆర్‌ఐ కావాలంటారు. భయం కొద్దీ అడుగుతారని తెలుసు. కానీ ఏ నొప్పీ లేని 20 ఏళ్ళవాళ్ళకి స్కాన్ తీసినా దాదాపు 30 శాతం మందిలో డిస్క్ ఉబ్బు కనిపిస్తుంది. 80 ఏళ్ళవాళ్ళలో అది 80 శాతం దాటుతుంది. రిపోర్టులో "బల్జ్" అన్న మాట చూసి ఇంటిల్లిపాదీ టెన్షన్ పడటం తప్ప మొదటి వారంలో దాని వల్ల వైద్యం మారదు. మొదటి రెండు మెట్లలో ఏదైనా ఉన్నప్పుడు, టీబీ, క్యాన్సర్ లాంటి అనుమానం ఉన్నప్పుడు, లేదా ఆపరేషన్, వెన్నులో ఇంజెక్షన్ ఆలోచిస్తున్నప్పుడు ఎమ్‌ఆర్‌ఐ తప్పనిసరి అవుతుంది.

ఇంటి నుంచే డాక్టర్‌తో మాట్లాడాలంటే కేంద్ర ప్రభుత్వ ఈ-సంజీవని ఉచితం. దీన్ని అమల్లోకి తెచ్చిన మొదటి రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2020 నుంచి ఇంట్లోని ఫోన్‌లోనే డాక్టర్‌తో మాట్లాడే వీలు వచ్చింది. పెద్దవాళ్ళకి ఊరి ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి అక్కడి సిబ్బంది ద్వారా కాల్ చేయించడం ఇంకా మేలని నా అభిప్రాయం. డాక్టర్ దూరంగా ఉన్నా, బొటనవేలు నొక్కి చూడటానికి నేర్చిన చెయ్యి ఒకటి పక్కనే ఉంటుంది.

అయిదో మెట్టు: వీడియో కాల్‌కి సిద్ధం కావడం

మామూలు ఫోన్ కాల్ కంటే వీడియో ఎంతో నయం. డాక్టర్ మీ నడక చూడాలి. ఫోన్‌ని కుర్చీ మీద నీళ్ళ చెంబుకి ఆనించి, తల నుంచి పాదం దాకా కనిపించేంత దూరం జరగండి. వెలుతురు మీ ముందు నుంచి పడాలి, కిటికీ వెనక ఉంటే నల్లటి నీడే కనిపిస్తుంది. మగవాళ్ళు నిక్కరు, ఆడవాళ్ళు వదులు పైజామా వేసుకుంటే మోకాళ్ళు, పాదాలు చూపించడం తేలిక. పక్కన చాప గానీ మంచం గానీ ఖాళీగా ఉంచండి, పడుకోబెట్టి మోకాలు వంచకుండా కాలు ఎత్తించి చూస్తారు. ముప్ఫై నుంచి డెబ్బై డిగ్రీల మధ్య కాలిలోకి నొప్పి పాకితే నరం నొక్కుడనే అనుమానం బలపడుతుంది.

ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసుకోండి. నొప్పి ఏ రోజు మొదలైంది, ఏం చేస్తుంటే. ఎక్కడి నుంచి ఎక్కడిదాకా పాకుతోంది. తిమ్మిరి ఏ వేలి దగ్గర, బొటనవేలా చిటికెన వేలా. పై పరీక్షల్లో ఏం కనిపించింది. "కాలంతా నొప్పి" అనే మాట కంటే "పిక్క బయటి వైపు నుంచి బొటనవేలు దాకా మంట" అనే మాట డాక్టర్‌కి పది రెట్లు పనికొస్తుంది. వేలితో గీత గీసినట్టు చూపించండి.

బీపీ, షుగర్, కిడ్నీ సమస్య, కడుపులో పుండు, రక్తం పల్చబడే మాత్రలు, గర్భం, ఇవి అడగకముందే చెప్పండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు వీళ్ళలో కొందరికి ప్రమాదం. ఇప్పుడు వేసుకుంటున్న మాత్రల అట్టలన్నీ కెమెరాకి చూపించండి. ఒకే మందు రెండు పేర్లతో వేసుకోవడం నేను తరచూ చూస్తాను: మెడికల్ షాపు ఇచ్చిన నొప్పి మాత్రలో పారాసెటమాల్ 325 మిల్లీగ్రాములు కలిసే ఉంటుంది, పైన ఇంట్లో ఉన్న 650 మాత్రలు మూడు పూటలా. రోజుకి మొత్తం నాలుగు గ్రాములు దాటకూడదు, లివర్ సమస్య ఉంటే, మద్యం తాగితే ఇంకా తక్కువ.

మన దేశంలో ఫోన్ వైద్యానికి 2020 మార్చి 25న నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం చీటీ మీద డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. ట్రమడాల్ లాంటి మత్తు కలిగించే నొప్పి మందులు ఫోన్ ద్వారా రాయకూడదు. డాక్టర్ రాయలేదంటే అది నిర్లక్ష్యం కాదు. అత్యవసరమని తేలితే ప్రథమ చికిత్స చెప్పి ఆస్పత్రికి పంపడమే డాక్టర్ పని.

కాల్ పెట్టేసే ముందు ఒక ప్రశ్న తప్పక అడగండి: "ఏం మార్పు కనిపిస్తే నేను ఆగకుండా రావాలి, ఎక్కడికి రావాలి?" జవాబు రాసుకోండి.

ఆరో మెట్టు: రోజూ చూసుకోవడం

ఇంట్లో ఉండమన్నారంటే మంచం పట్టమని కాదు. ఒకటి రెండు రోజులకి మించి పూర్తిగా పడుకుంటే నడుం ఇంకా బిగుసుకుంటుంది. వెల్లకిలా పడుకుని మోకాళ్ళ కింద రెండు దిండ్లు, లేదా పక్కకి తిరిగి మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకోండి. గంటకొకసారి లేచి ఇంట్లోనే నాలుగడుగులు వేయండి. కింద కూర్చోవడం, బిందె ఎత్తడం, వంగి ఊడవడం కొన్నాళ్ళు ఆపండి.

ప్రతి ఉదయం మడమల నడక, మునివేళ్ళ నడక, బొటనవేలి పరీక్ష చేసి క్యాలెండర్ గడిలో రాయండి. నొప్పి పాదం నుంచి పిక్కకి, పిక్క నుంచి తొడకి, అలా పైకి తగ్గుతూ వస్తే, నడుంలో నొప్పి కాస్త పెరిగినా మంచి గుర్తే. కిందికి పాకుతుంటే మళ్ళీ కాల్ చేయండి. రెండు వారాలకీ ఏ మాత్రం తేడా లేకపోతే ఒకసారి నేరుగా చూపించుకోండి. ఆరు వారాలు దాటినా పని చేసుకోలేకపోతుంటే వెన్నెముక నిపుణుణ్ణి కలవండి. ఈలోపు ఏ రోజైనా మొదటి రెండు మెట్లలో ఏదైనా కనిపిస్తే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి బయల్దేరాలి.

పిల్లలు దూరంలో ఉంటే

డల్లాస్‌లో కూతురు, నెల్లూరులో అమ్మ. వీడియోలో అమ్మ ఎప్పుడూ "బానే ఉందమ్మా" అంటుంది. ఆ మాట నమ్మి కాల్ పెట్టేయొద్దు. "అమ్మా, ఒకసారి నిలబడి మడమల మీద నాలుగడుగులు వెయ్యి" అని చేయించండి. "ఒంటికి సరిగ్గా వస్తోందా, కడుక్కుంటే నీళ్ళు తెలుస్తున్నాయా" అని కూతురో కోడలో అడగాలి. కొడుకు అడిగితే చాలామంది అమ్మలు చెప్పరు. నాన్నని కొడుకు అడిగితే మేలు. ఊళ్ళో పక్కింటివాళ్ళ నంబర్ ఒకటి, కారున్నవాళ్ళ నంబర్ ఒకటి మీ ఫోన్‌లో ఉండాలి.

విదేశంలో ఉన్న మీకే నొప్పి వస్తే, ఇండియాలోని తెలిసిన డాక్టర్ మాట ధైర్యానికే. మన ఫోన్ వైద్య నియమాలు దేశం బయట ఉన్నవాళ్ళకి వర్తించవు, ఆ చీటీ అక్కడి ఫార్మసీలో చెల్లదు. మూత్రం సంగతి తేడాగా ఉంటే ఖర్చుకి భయపడి ఆగొద్దు: అమెరికాలో 911 లేదా ఎమర్జెన్సీ రూమ్, బ్రిటన్‌లో 999 లేదా నేరుగా ఎ అండ్ ఇ (ఆస్పత్రి ఎమర్జెన్సీ విభాగం). మిగతా అనుమానాలకి బ్రిటన్‌లో 111 ఉంది. గల్ఫ్‌లో క్యాంపుల్లో ఉండే మనవాళ్ళు సెలవు దొరకదని కాలు ఈడుస్తూనే పనికి పోతుంటారు. వాళ్ళకి ఫోన్ చేసినప్పుడు నొప్పి గురించి కాకుండా, చెప్పు ఊడిపోతోందా అని అడగండి.

నాట్లావిడకి ఆ వారంలోనే ఆపరేషన్ అయింది. పాదం మూడు నెలల దాకా సరిగ్గా లేవలేదు. వాళ్ళ ఊరు దూరం కాబట్టి ఆ తర్వాత మేం ఎక్కువగా వీడియోలోనే చూసుకున్నాం. కూతురు ఫోన్ పట్టుకునేది, ఆవిడ వాకిట్లో అరుగు పట్టుకుని మడమల మీద నడిచేవారు. ఎడమ పాదం ఇప్పటికీ కుడి పాదమంత ఎత్తు లేవదు. వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకుని మొన్నటి నాట్లకి గట్టు మీద నిలబడి కూలీలకి పని చెప్పారట, కూతురు ఫోటో పంపింది.